డాక్టరుబాబు పెట్టని సంతకం

మొన్న మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో గొడవ పడి వచ్చాను. "గొడవ పడకుండా వచ్చిన మీటింగు ఏదైనా ఉందా?" అని మా ఆయన అడిగాడు. అది వేరే సంగతి. కింద గేటు దగ్గర ఫ్లాట్ల వాళ్ళ పేర్లతో కొత్త బోర్డు పెడుతున్నారు. ఎవరి పేరు ముందు 'డా' అని రాయాలి, ఎవరికి రాయకూడదు అన్నది తగువు. రెండో అంతస్తు ఆయన ఎంబీబీయస్, ఆయన గురించి పేచీ లేదు. మా పక్క ఫ్లాటాయన కామర్సులో పీహెచ్‌డీ. పైన హోమియో ఆవిడ. ఒకాయన నడుంనొప్పి వాళ్ళ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తాడు. ఇంకొకాయనకి ఎవరో సన్మానం చేసి, శాలువాతో పాటు డాక్టరేటు కూడా కప్పేశారు. "మందు రాసేవాడే డాక్టరు" అన్నాడు ఎంబీబీయస్. "అసలా మాట మా పంతుళ్ళది, మీరొచ్చి ఎత్తుకుపోయారు" అన్నాడు కామర్సు. నా చదువు ఎమ్మే దగ్గరే ఆగిపోయింది కాబట్టి పక్షపాతం లేకుండా తీర్పు చెప్పగలిగేది నేనొక్కదాన్నే అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు కిందికి దించాను. ఎదటివాడు తప్పని రుజువు చేసే అవకాశం వస్తే నేను భోజనం కూడా మానేస్తాను. కానీ కామర్సాయన చెప్పిందే నిజమని తేలింది, నా ఖర్మ. ఆ మాటకి మూలం లాటిన్లో 'బోధించడం' అట. మొదట మతం బోధించే పండితులకి, న్యాయశాస్త్రం చెప్పేవాళ్ళకి ఇచ్చారట. వైద్యుడి దగ్గర స్థిరపడ్డది తర్వాతెప్పుడో. ఇంగ్లండులో కడుపు కోసి కుట్టే సర్జనుని ఇప్పటికీ మిస్టరనే పిలవాలట, డాక్టరంటే చిన్నబుచ్చుకుంటాడట. అదే మాటని క్రియ చేస్తే, కాగితాలు దొంగతనంగా దిద్దడం, సారాలో ఏదో కలపడం, మగపిల్లికి పిల్లలు పుట్టకుండా చెయ్యడం! ఒక్క మాటకి ఇన్ని వేషాలు ఎవరు కట్టించారో.

అన్నీ చదివాను. మా ఊరి అర్థం మాత్రం అందులో లేదు.

బొబ్బిలికీ సాలూరుకీ మధ్య, లారీలు పోయే రోడ్డు పక్కన మా ఊరు. అక్కడ ఆ మాటకి అర్థం ఒకే ఒక్క మనిషి. ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. పసరు పోసే ముసలాయన ఉన్నాడు, ఆయన 'వైద్దిగుడు'. సంతలో గుడ్డ పరిచి, పీకిన పళ్ళు కుప్ప పోసుకుని కూర్చునేవాడు 'పళ్ళోడు'. పశువులకి సూది వెయ్యడానికి సైకిలు మీద వచ్చేవాడు 'సూదోడు'. వీళ్ళెవరినీ డాక్టరనేవారు కాదు. డాక్టరుబాబు అంటే రోడ్డు వార పెంకుటింట్లో, ముందు గదికి ఆకుపచ్చ తెర కట్టుకుని, స్పిరిట్ వాసనా కార్బాలిక్ సబ్బు వాసనా కలిసిన తెల్లచొక్కాతో ఉండే ఆయనే.

మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, నేను పుట్టకముందే మా ఊరొచ్చి స్థిరపడ్డారు. బాప్టిస్టులు. ఆదివారం పూట తెర దించేసి భార్యాభర్తలిద్దరూ గుడికి, అంటే చర్చికి, వెళ్ళేవారు. ఆ రోజు ఊళ్ళో ఎవరికీ జబ్బు చెయ్యకూడదని మా మామ్మ, అంటే మా నాన్నమ్మ, మమ్మల్ని ముందే హెచ్చరించేది. "ఆదోరం నాడు సెట్లెక్కి పడ్డారంటే నాను సూణ్ణు!"

ఆయన దగ్గరికి ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. మూడే మందులు. గులాబీరంగుది కడుపునొప్పికి, గోధుమరంగుది దగ్గుకి, తెల్లది విరోచనం కానివాళ్ళకి. మందు పోశాక సీసాకి నిలువునా ఒక కాగితం ముక్క అంటించేవారు. దాని అంచున కత్తెరతో కోతలుండేవి. ఒక్కో కోత ఒక్కో మోతాదు. చదువు రాని వాళ్ళు కూడా ఆ కోత దాకా తాగి ఆపేవారు. ఆ కాగితాలు కత్తిరించే ఉద్యోగం రోజూ బడి వదిలాక నాది. నన్నెవరూ నియమించలేదు, నేనే వెళ్ళి కూర్చున్నాను. కాగితం రెండు మడతలు పెట్టి ఒక్క పోటు కత్తిరిస్తే నాలుగు కోతలు, ఇంకో మడత పెడితే ఎనిమిది.

జ్వరమంటే నాకు భలే ఇష్టంగా ఉండేది. ఎందుకంటే ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో రొట్టె, అంటే బ్రెడ్డు, జ్వరమొచ్చిన వాళ్ళకి మాత్రమే కొనేవారు. మిగిలినవాళ్ళకి పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ. పాలల్లో ముంచిన రొట్టె కోసం ఒకసారి ఉడుకుతున్న అంబలి కుండ మీద మొహం పెట్టి, నుదురు కాగేదాకా ఉండి, మూలుగుతూ వెళ్ళాను. డాక్టరుబాబు నుదుటి మీద చెయ్యి వేసి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ జ్వరానికి చోడంబలి వాసనొస్తున్నాదే" అన్నారు. కానీ ఇంట్లో చెప్పలేదు. ఆయనకి ఆ గుణం ఉండేది.

నేను చెప్పబోయేది ఆషాఢం సంగతి. తొలకరి పడింది. వీధిలో బురద, ఇంట్లో మాగిన పనసపళ్ళ వాసన, దాని మీద ముసిరే ఈగలు. పనస పిక్కలు బూడిదలో కాల్చుకుని జేబుల నిండా పోసుకుని తిరిగే రోజులు. మామ్మకి పనసతొనలంటే ప్రాణం. తింది. రెండు రోజులు విరోచనం కాలేదు. తెల్లమందుకి సీసా ఇచ్చి నన్నే పంపింది. నేను కాగితం కత్తిరిస్తున్నాను, బయట స్నేహితులు పిలుస్తున్నారు. మూడో మడత పెట్టలేదు. ఎనిమిదికి బదులు నాలుగు కోతలే పడ్డాయి. ఆయన ఎవరికో కట్టు కడుతూ చూసుకోకుండా అంటించేశారు.

మామ్మ కోత దాకా, అంటే రెండింతల మోతాదు, తాగింది. ఆ పగలంతా ఆవిడ పెరట్లోనే ఉంది. చీకటి పడేసరికి గొంతు పోయింది గానీ కోపం పోలేదు. మర్నాడు కర్ర పట్టుకుని వీధిన పడింది. ఆకుపచ్చ తెర ముందు నిలబడి, "ముసల్దాన్ని సంపీద్దావనుకున్నావేటి బాబూ! నీకు నానేటి పాపం సేసినాను!" అని పదిమందీ వినేలా అరిచింది. ఆయన నన్ను చూశారు. నేను తెర వెనక్కి దూరాను. "పొరపాటు నాదేనమ్మా" అన్నారు. అంతే.

ఇది జరిగిన వారానికి ఫారం వచ్చింది.

ఫారం మా చిన్నత్తది. మా నాన్న చెల్లెలు. పది పాసై ఇంట్లో ఉంది. బెల్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేది, ముక్కుకి ఆనించుకుని మరీ. విజయనగరంలో టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెడితే సీటు ఇస్తామన్నారు. అయితే ఒళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్టు శనివారానికల్లా అందాలి. మా తాత ఈ చదువుకి ఒప్పుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. ఒప్పుకున్నా ఇంకా సగం మనసే. ఏ చిన్న అడ్డొచ్చినా 'చూశారా' అనడానికి సిద్ధంగా ఉన్నాడు. చిన్నత్తకి అది తెలుసు. ఫారం వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో పిల్లిలా నడుస్తోంది.

మామ్మకి మాత్రం ఆ ఫారమే అవమానం. "పుట్టిన్నాడు బొడ్డు కోసినాడు డాక్టరుబాబు. దాని ఒంట్లో ఏటుందో ఆయనకి తెల్దేటి? కాయితమెందుకు మళ్ళీ?" అంది. ఆవిడ కోపం ఎప్పుడూ రెండు రోజులే.

బుధవారం పొద్దున్న తాతా, చిన్నత్తా, వెనకాల నేనూ వెళ్ళాం. డాక్టరుబాబు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఫారం అందుకున్నారు. చదివారు. చాలాసేపు చదివారు. కలం మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు.

"ఇది నేను చెయ్యకూడదు, నాయుడుబాబూ."

"ఏటి?" అన్నాడు తాత.

"నేను సంతకం పెట్టకూడదు."

 తాత ఎందుకని అడగకుండానే ఫారం తీసుకుని, మడిచి, తలపాగా సర్దుకుని బయటికి నడిచాడు. 

ఇంటికి రాగానే మామ్మ లేచింది. "నా మీద కోపం గుంట మీద తీర్సుకుంటన్నాడు! ఆడికంత పొగరా!" గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఇరవై ఏళ్ళుగా డాక్టరుబాబు అయిన మనిషి ఒక్క పూటలో 'ఆడు' అయిపోయాడు. నోటి మీద గౌరవం ఎంత పల్చగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

"ఎల్లకపోతే ఎల్లదు" అన్నాడు తాత. "సదివిన సదువు సాలు."

చిన్నత్త ఏడవలేదు. చేటలో చోళ్ళు పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన చోళ్ళే మళ్ళీ ఏరింది. అది చూసి నేను అన్నం వదిలేసి లేచాను. ఆవిడ సీటు పోయేది ఎవరి వల్లో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు కదా.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ఆయన ఖాళీ సీసాలు కడిగి ఎండలో బోర్లిస్తున్నారు.

"డాక్టరుబాబూ, ఆ కాయితం కత్తిరించింది నాను. నాలుగు కోతలు నావే. సిన్నత్తకేటీ తెల్దు. సంతకం పెట్టీయండి" అన్నాను, ఒక్క గుక్కలో.

"నాకు తెలీదనుకున్నావా? ఆ గదిలో కత్తెర పట్టేది నువ్వొక్కర్తివే. చూసుకోకుండా అంటించింది నేను, అందుకే నాదన్నాను."

"మరి కోపం నేకపోతే ఎందుకు పెట్టరు?"

ఆయన చేతులు తుడుచుకుని లోపలికి తీసుకెళ్ళారు. పాత కాగితం మీద, ఫారం అడుగున ఉన్న మాటలు గుర్తుపెట్టుకుని రాసి చూపించారు. "చదువు." కూడబలుక్కుని చదివాను. డాక్టరు సంతకం. దాని కింద డిగ్రీ. దాని కింద రిజిస్టరు నంబరు.

"కింద రెండూ నాకు లేవు" అన్నారు.

"డాక్టరుకి ఉండవేటి?"

"డాక్టరుకి ఉంటాయి. నేను కాంపౌండర్ని. డాక్టర్లు చెప్పిన మందు కలిపేవాణ్ణి. చూసి చూసి నేర్చుకున్నాను."

నాకు బొత్తిగా నమ్మకం కలగలేదు. "మరి ఊరందరూ డాక్టరంటారు కదా?"

"అంటారు."

"అంటే మీరు పలుకుతారు కదా?"

ఆయన ఆ పాత కాగితం మడిచారు. "ఆఁ. పలుకుతాను" అన్నారు.

ఇప్పుడు ఆలోచిస్తే, పదేళ్ళ పిల్లని అయినా మంచి లాయరు ప్రశ్న వేశాను. ఆయన ఇంటికి బోర్డు లేదు. మందు చీటీ మీద పేరు లేదు. ఆ మాట తన చేత్తో ఎక్కడా రాసుకోలేదు. ఇరవై ఏళ్ళలో రాయమని ఎవరైనా అడగడం అదే మొదలు. అబద్ధమాడారా అంటే ఏ కోర్టులోనూ రుజువు చెయ్యలేరు. కానీ ఆ 'పలుకుతాను' అన్నప్పటి మొహం నేను చూశాను.

అప్పుడు మాత్రం నేను ఓడిపోలేదు. "ఏదో నంబరు ఏసీయండి. ఎవలు సూస్తారు?" అన్నాను.

"ఎవరో ఒకరు చూస్తారు. ఆ రోజు పోయేది మీ చిన్నత్త సీటు. నాదేం పోతుంది?"

నేను ఇల్లు చేరి నోరు తెరిచేలోపే ఆయన వెనకాలే వచ్చేశారు. వాకిట్లో నిలబడ్డారు. తాత కూర్చోమనలేదు. మామ్మ మొహం తిప్పుకుంది. నాకు చెప్పిన మాటే చెప్పారు, దాచకుండా, తల దించకుండా. చేటలో చిన్నత్త చెయ్యి ఆగిపోయింది.

మామ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది. "ఈ ముక్క ఇన్నేళ్ళూ సెప్పలేదేటి?"

"మొదట్లో చెప్పేనమ్మా. నాలుగైదు సార్లు చెప్పేను. మీరంతా నవ్వేరు." ఆయన నా వైపు చూశారు. "తర్వాత ఆ పిలుపు నాకే బాగుండీది."

పెరట్లో దూడ ఒకటి అరిచింది.

"రేపు నాతో పంపండి నాయుడుబాబూ. టౌన్లో సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ నాకు తెలుసు. రేపే పోస్టులో వేసేద్దాం. శనివారానికి అందుతుంది."

తాత చిన్నత్త వైపు చూడలేదు, ఫారం వైపు చూశాడు. "గుంటని కూడా తీసుకెల్లండి తోడు" అన్నాడు. ఈసారి గుంటంటే నేను.

పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే సాలూరు లారీ ఒకటి చింతపండు బస్తాలతో వచ్చి, దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చింది. "డాక్టరుబాబూ, ఎక్కండి, ఎక్కండి!" అని డ్రైవరు తలుపు తీశాడు. పోయినేడు వాడి కాలి పుండు మాన్పింది ఈయనే. దారంతా డ్రైవరు డాక్టరుబాబూ అన్నప్పుడల్లా ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను లెక్కపెడుతున్నానని చిన్నత్త నా తొడ మీద గిల్లింది.

దిగిన ఊరి పేరు రాయను. ఆ డాక్టరమ్మ మనవలెవరైనా చదివి తగువుకొస్తే ఈ వయసులో మళ్ళీ నేనే గెలవాల్సి వస్తుంది.

ఆవిడ బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఈయన నిలబడ్డారు, చేతులు కట్టుకుని. మా ఊళ్ళో ఈయన గదిలోకి వచ్చినవాళ్ళు అలాగే నిలబడేవారు.

"ఏమోయ్ కాంపౌండర్! ఇంకా ఆ పల్లెలో డాక్టరు వేషం వేస్తున్నావా?" అంది ఆవిడ, మా ఇద్దరి ఎదుటే, బయట బెంచీల మీదున్నవాళ్ళకి కూడా వినిపించేలా.

"సర్టిఫికెట్టు కోసం వచ్చేనమ్మా. పిల్లకి ట్రైనింగు సీటు."

ఆవిడ ఫారం లాక్కుంది. పొడుగెంత అని అడిగింది, తనే ఓ అంకె వేసుకుంది. బరువు మనిషిని చూసి వేసింది. "జబ్బులున్నాయా?" "లేవండి." "చూపు బాగుందా?" "ఆఁ." సంతకం, డిగ్రీ, నంబరు, ముద్ర. ఒక పనస పిక్క వొలిచి నోట్లో వేసుకునేంతలో అయిపోయింది. చిన్నత్త చెయ్యి కూడా పట్టుకుని చూడలేదు.

బయటికొచ్చాక చిన్నత్త మొహం ఎర్రగా ఉంది. "మీరు కూకోనేదేటి? కుర్సీ కాళీగా ఉన్నాది కదా!" అంది ఆయన మీద కోపంగా.

"పనయింది కదమ్మా. పోస్టాఫీసు ఎటో చూద్దాం పద."

ఆ తర్వాత ఆయన మందుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టారు. "నేను డాక్టర్ని కాదు, కాంపౌండర్ని. పెద్ద జబ్బయితే టౌనుకెళ్ళండి." వాళ్ళు శ్రద్ధగా విని, "అలగే డాక్టరుబాబూ" అని సీసా చాపేవారు. మామ్మ ఒకసారి 'కాంపౌండరుబాబు' అని ప్రయత్నించింది. నాలుక తిరగక తిట్టుకుంది. ఆయన గెలవలేని వాదన అదొక్కటే అనుకుంటాను.

నెల తిరక్కుండా సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. తాత దాన్ని నలుగురికీ చదివించి వినిపించుకున్నాడు, ఈ ఆలోచనంతా తనదే అన్నట్టు. బయల్దేరే ముందురోజు చిన్నత్త చెప్పి వస్తానని డాక్టరుబాబు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"కూర్చో" అన్నారు ఆయన. "ఆవిడ నిన్ను చూడలేదు. నేను చూస్తాను."

తెర దించి, సబ్బుతో చేతులు కడుక్కున్నారు. నాలుక చాపమన్నారు. కనురెప్పలు లాగి చూశారు. నాడి పట్టుకుని గడియారం చూసుకున్నారు. వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి తియ్యమన్నారు, ఆపమన్నారు, మళ్ళీ తియ్యమన్నారు. గోడకి గీత గీసి పొడుగు కొలిచారు. బియ్యం బస్తాలు తూచే కాటా పక్క కొట్టు నుంచి తెప్పించి తూచారు. బయట నలుగురు సీసాలతో నిలబడి ఉన్నా తొందరపడలేదు. చివరికి గోడ మీద కేలండరు చూపించి, గుమ్మం దగ్గర నిలబడి చదవమన్నారు.

చిన్నత్త పెద్ద అంకెలు చదివింది. వాటి కింద చిన్నక్షరాల దగ్గర ఆగిపోయింది. నేను అందించబోయాను. "నువ్వు నోరు మూసుకో" అన్నారు. ఆయన నన్ను కసరడం అదొక్కసారే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిదో తరగతి నుంచి" అంది చిన్నత్త.  "కాయితంలో సూపు బాగున్నాదని రాసీసినారు కదా. ఇప్పుడు సీటు పోతాదేటి?"

"కళ్ళద్దాలు పెట్టుకుంటే సీటు పోదమ్మా. పెట్టుకోకపోతే పోతుంది, వాళ్ళు బోర్డు మీద రాసింది నీకు కనబడదు. వెళ్ళగానే అక్కడ పెద్దాసుపత్రిలో కంటి డాక్టరుకి చూపించుకో."

ఒక చీటీ తీసి రాయడం మొదలుపెట్టారు. ఎంత దూరం నుంచి ఏది కనిపించింది, ఏది కనిపించలేదు, ఎన్నేళ్ళుగా, తలనొప్పి ఉందా లేదా, అన్నీ. అడుగున సంతకం పెట్టారు. పెట్టి, కలం ఎత్తకుండా కొంచెం ఆలోచించి, సంతకం కింద ఇంకో మాట రాశారు. కాంపౌండరు.

చిన్నత్త ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ చుట్టుపక్కల బళ్ళల్లో పాఠాలు చెప్పింది, లావుపాటి కళ్ళజోడు లోంచి పిల్లల్ని హడలగొడుతూ. ఆవిడ రిటైరయ్యాక ఒకసారి అడిగాను, ఆ చీటీ పట్టుకెళ్తే ఏం జరిగిందని.

"కంటి డాక్టరు రెండుసార్లు సదివినాడే. 'ఎవరు రాశారమ్మా ఇది, ఇంత వివరంగా?' అన్నాడు. మా డాక్టరుబాబండి అన్నాను. 'కింద కాంపౌండరని ఉంది కదా?' అన్నాడు. అవునండి, ఆయనే మా డాక్టరుబాబు అన్నాను."

"దానికి ఆయనేమన్నాడు?"

"ఏటంటాడు? నవ్వినాడు. కూకోమని కుర్సీ సూపించినాడు."